నీళ్ళకుండ కింది సంచి

స్టాకు రిజిస్టరులో
వేడికి గడి లేదు.
సంచుల లెక్క ఉంది, తూకం ఉంది,
దించిన తేదీ, లారీ నంబరు కూడా ఉన్నాయి.
ఏప్రిల్ పదకొండు. వేరుబూజు మందు,
అయిదేసి కిలోలవి, అరవై నాలుగు.
నాదముని దించాడు. నేను సంతకం పెట్టాను.

దామలచెరువు దాటి పాకాల రోడ్డులో మా నర్సరీ.
గోడౌనుకు పైన రేకు, పక్కల రేకు,
ఉన్న ఒక్క కిటికీ పడమటికి.
మే నెల మధ్యాహ్నం రెండింటికి
రేకు టక్, టక్ మని సాగుతుంది,
పైన ఎవరో తప్పటడుగులు వేస్తున్నట్టు.
ఆ చప్పుడు వింటూ కునుకు తీశాను,
అబద్ధమెందుకు.

మందు అంటాం గానీ మందు కాదది.
విప్పితే బూడిదరంగు పొరల మట్టి,
అక్కడక్కడా తళుకు,
గుప్పిట పడితే కాగితమంత తేలిక.
ఇందులో ప్రాణముందంటే ఎవరు నమ్ముతారు?
యూరియా పక్కన యూరియా మాదిరే పేర్చాను.
‘నీడన, చల్లగా ఉంచవలెను’ అని అచ్చేసిన వరుస మీద
ఇంకో సంచి వేసింది నేనే.

వాకిలి దగ్గరిది చినిగి, గాలివానకు తడిసింది.
మళ్ళీ బిగించి కట్టాను.
నాలుగు రోజులకు
పులిసిన దోసెపిండి వాసన.

జూలైలో టెంకలు నాటేముందు లెక్క చూస్తే
అరవై మూడే.
కుప్పమ్మను అరిచాను. ఆమె బెదరలేదు.
“కుండ కిందుండాది సార్,
కుండ ఒరిగిపోతాంటే ఎత్తుకి పెట్టినా.”
చింతచెట్టు నీడలో, ఇసక మీద,
మూడు నెలలు కుండ చెమట తాగిన సంచి.
పైగోనె అడుగంతా నల్లబారింది,
లోపలి ప్లాస్టిక్ మాత్రం చిరగలేదు.
దాన్ని మంచి సరుకులో కలపబుద్ధి కాలేదు నాకు.
బోరు దగ్గర మూల వరుసలు రెండింటికి
దులిపి పారేశాను.

పెరటాసి రెండో శనివారం
తిరుపతి ల్యాబు నుంచి ఇంద్రాణి వచ్చింది.
మడులన్నీ తిరిగింది. ఆకు తిప్పి చూసింది,
ఏమీ అనలేదు.
మూల వరుసల దగ్గర ఆగింది.
అక్కడి మొక్కలు నా మోకాలి కంటే ఎత్తు,
మిగతావి జానెడు.
“వీటికేం వేశారు?”
“అదే మందు” అన్నాను.
అది నిజమే కదా.

సన్నవేళ్ళు కోసుకుని వెళ్ళింది.
సోడా నీళ్ళలో ఉడకబెట్టి,
వెనిగర్లో బడిపిల్లల సిరా కలిపి ముంచిందట.
వారానికి నన్ను పిలిచి చూడమంది.
ఒక కన్ను మూసుకుని వంగాను.
వేరు గదిగదికీ ఒక నీలిచెట్టు,
కొమ్మ, రెమ్మ,
ఆకులేని చిన్నచెట్టు.
మామిడి లోపల ఇంకో తోపు!
నా ఊపిరికి అద్దం మసకేసింది.

రెండో పలక పెట్టింది.
గదులున్నాయి. చెట్లు లేవు.
సంతయిపోయిన రాత్రి
కొట్ల మాదిరి.

“ఎండకు చచ్చాయా?” అడిగాను.
“కావచ్చు. తయారైన చోటే తక్కువై ఉండొచ్చు.
ఒక్క సంచిని చూసి ఒట్టు పెట్టలేను” అంది.
నన్ను వదిలేసినట్టే అనిపించింది,
వదల్లేదని బస్సెక్కాక తెలిసింది.
రేణిగుంట దగ్గరో ఎక్కడో
కిటికీ రేకు మీద చెయ్యి పెట్టాను,
కాలి, తీసుకున్నాను.
చెయ్యి ఉంది కాబట్టి తీసుకున్నాను.

రిజిస్టరులో స్కేలు పెట్టి
పెన్సిలుతో నిలువుగీత గీశాను.
గడి పైన ఏం రాయాలో తోచక
‘వేడి’ అని రాశాను.
ఎనభై రూపాయలు పోసి ఉష్ణమాపకం కొన్నాను,
మేకుకు తగిలించాను.
ఈసారి సరుకు చింతచెట్టు పక్కన
కొత్తగా కప్పిన బోదకొట్టంలో దిగింది,
కింద ఇటుకలు, ఇటుకల మీద పలకలు.

కుప్పమ్మ కుండ చంకన పెట్టుకుని వచ్చి నిలబడింది.
కొట్టాన్ని చూసింది, ఇటుకల్ని చూసింది,
నన్ను చూసింది.

“అంతా బాగుండాది సార్,
నీళ్ళు యాడ పెట్టేది?”